తాళంచెవి ఎక్కడుండాలి? లినక్స్‌లో డిస్క్ గుప్తీకరణ చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠాన్ని పూర్తిగా చదివిన తరువాత మీరు:
• డిస్క్‌ను పరికరం స్థాయిలో గుప్తీకరించడమంటే ఏమిటో, ఫైళ్లను విడివిడిగా గుప్తీకరించడానికీ దీనికీ తేడా ఏమిటో వివరించగలుగుతారు.
• క్రిప్టోలూప్, డి.ఎం.-క్రిప్ట్, లక్స్ అనే మూడు దశలను కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• ప్రతి దశలో బయటపడిన లోపం తరువాతి దశకు ఎలా దారితీసిందో విశ్లేషించగలుగుతారు.

1. ప్రస్తావన

కంప్యూటర్‌ను ఆన్ చేయగానే అది మిమ్మల్ని పాస్‌వర్డ్ అడుగుతుంది. అది తెలియనివారు లోపలికి రాలేరు కాబట్టి మీ ఫైళ్లు భద్రంగా ఉన్నాయని మీరు అనుకోవచ్చు. కానీ ఆ పాస్‌వర్డ్ కాపలా కాసేది ఆపరేటింగ్ సిస్టమ్ గుమ్మాన్ని మాత్రమే, డిస్క్‌ను కాదు. నాలుగు మరలు విప్పి డిస్క్‌ను బయటికి తీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే, ఆ రెండో కంప్యూటర్ మీ పాస్‌వర్డ్ ఊసే ఎత్తకుండా ఫైళ్లన్నీ చూపిస్తుంది. ముందు తలుపుకు తాళం వేసి పెరటి గోడ కట్టకుండా వదిలేసిన ఇల్లు ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

దీని పర్యవసానం ఎంత పెద్దదో 2006లో అమెరికాలో అందరికీ తెలిసివచ్చింది. ఆ ఏడాది మే నెలలో మాజీ సైనికుల వ్యవహారాల శాఖలో పనిచేసే ఒక ఉద్యోగి ఇంట్లో దొంగలు పడి, ఒక ల్యాప్‌టాప్‌నూ దానితో పాటు ఒక బయటి హార్డ్ డిస్క్‌నూ ఎత్తుకుపోయారు. సుమారు 2 కోట్ల 65 లక్షల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సామాజిక భద్రత సంఖ్యలు వాటితో పాటు పోయాయి. సమాచారం గుప్తీకరించి లేదు. జూన్ నెలాఖరుకు పరికరాలు దొరికాయి, అందులోని సమాచారాన్ని ఎవరూ తెరవలేదని దర్యాప్తు సంస్థ చెప్పింది. కానీ ఆ మధ్య వారాల్లో అన్ని లక్షల కుటుంబాలు భయంతో గడిపాయి. అదే జూన్‌లో అమెరికా ప్రభుత్వం తన శాఖలన్నిటికీ ఉత్తర్వు పంపింది: బయటికి తీసుకువెళ్లే పరికరాల్లోని సున్నితమైన సమాచారాన్ని గుప్తీకరించాలని.

గమనించవలసిన విషయం ఏమంటే, అప్పటికే అందుకు కావలసిన సాధనం ఉంది. అందరికీ ఉచితంగా దొరికే లినక్స్‌లో డిస్క్ మొత్తాన్ని గుప్తీకరించే ఏర్పాటు రెండేళ్ల క్రితమే వచ్చి చేరింది. అది ఎలా వచ్చిందో, ఏ తప్పుల మీదుగా నడిచి వచ్చిందో ఈ పాఠంలో తెలుసుకుందాం. చదివేటప్పుడు ఒక విషయం మనసులో ఉంచుకోండి. ఈ చరిత్రలో గుప్తలిపి ఓడిపోయిన సందర్భాలు దాదాపు లేవు. ప్రతిసారీ ఇబ్బంది వచ్చింది తాళంచెవి దగ్గరే: దాని పొడవు ఎంత, దాన్ని ఎలా తయారుచేయాలి, ఎక్కడ దాచాలి, ఎలా చెరిపివేయాలి అన్న ప్రశ్నల దగ్గరే.

2. తాళం ఏ అంతస్తులో వేయాలి?

కంప్యూటర్‌లో సమాచారం అంతస్తులుగా ఉంటుంది. పైన మీరు వాడే ప్రోగ్రాములు, వాటి కింద ఫైల్ సిస్టమ్, దాని కింద డిస్క్. ఫైల్ సిస్టమ్‌కు పేర్లు, ఫోల్డర్లు, తేదీలు తెలుసు. డిస్క్‌కు అవేవీ తెలియవు. దానికి తెలిసినదల్లా వరస సంఖ్యలు వేసిన గళ్లు మాత్రమే. వీటిని సెక్టార్లు అంటారు. చాలాకాలం ఒక్కో సెక్టార్ పరిమాణం 512 బైట్లుగా ఉండేది.

గుప్తీకరణను ఏ అంతస్తులోనైనా పెట్టవచ్చు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ విడుదల చేసిన పి.జి.పి. ప్రోగ్రాము పై అంతస్తుకు ఉదాహరణ. అందులో ఏ ఉత్తరాన్ని, ఏ ఫైలును గుప్తీకరించాలో వాడేవారే నిర్ణయించుకోవాలి. 1993లో ఏ.టి. అండ్ టి. బెల్ ప్రయోగశాలలో మాట్ బ్లేజ్ యూనిక్స్ కోసం రూపొందించిన సి.ఎఫ్.ఎస్. మధ్య అంతస్తుకు ఉదాహరణ. అందులో ఒక ఫోల్డర్‌ను ఎంచుకుంటే, దానిలో పెట్టిన ప్రతి ఫైలూ దానంతట అదే గుప్తీకరణ అవుతుంది.

ఈ రెండు పద్ధతులకూ ఒక ఇబ్బంది ఉంది. మీరు గుప్తీకరించిన ఉత్తరం రాసేటప్పుడు ఎడిటర్ ఒక తాత్కాలిక ప్రతిని వేరేచోట దాస్తుంది. మెమరీ చాలనప్పుడు కెర్నెల్ అందులోని పుటలను స్వాప్ అనే డిస్క్ భాగంలోకి తోస్తుంది. ఆ పుటల్లో మీ పాస్‌వర్డే ఉండవచ్చు. మీరు దాచాలనుకున్నది మీకు తెలియకుండానే మరోచోట బయటపడి ఉంటుంది.

అందుకే కింది అంతస్తు ఆలోచన వచ్చింది. డిస్క్‌కూ ఫైల్ సిస్టమ్‌కూ మధ్య కెర్నెల్‌లో ఒక పొర పెట్టి, కిందికి పోయే ప్రతి సెక్టార్‌నూ గుప్తీకరించి, పైకి వచ్చే ప్రతి సెక్టార్‌నూ విప్పి ఇస్తే సరిపోతుంది. పైనున్న ఫైల్ సిస్టమ్‌కు ఈ సంగతే తెలియదు. ఫైళ్ల పేర్లు, తాత్కాలిక ప్రతులు, స్వాప్ అన్నీ ఒకే తాళం కిందికి వస్తాయి. పరికరం స్థాయి గుప్తీకరణ అంటే ఇదే.

దీనికి ఒక పరిమితి కూడా ఉంది. తాళం తీస్తే మొత్తం తెరుచుకుంటుంది. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ సమాచారం మీకే కాదు, లోపలికి చొరబడిన వైరస్‌కు కూడా మామూలుగానే కనిపిస్తుంది. ఈ పద్ధతి కాపాడేది ఆపివేసిన కంప్యూటర్‌ను. దొంగతనం, పోగొట్టుకోవడం, మరమ్మతుకు ఇవ్వడం, పాత డిస్క్‌ను అమ్మివేయడం వంటి సందర్భాల్లో ఇది పనికివస్తుంది.

3. సరిహద్దులు దాటలేని గణితం

లినక్స్ కెర్నెల్ 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ చేతుల్లో పుట్టింది. అయినా చాలా ఏళ్లపాటు ప్రధాన కెర్నెల్‌లో గుప్తీకరణకు చోటు దొరకలేదు. దానికి కారణం అమెరికా చట్టం. 1990 దశకం మొదటి సగంలో అక్కడ బలమైన గుప్తలిపి ప్రోగ్రాములను ఆయుధాల జాబితాలో చేర్చారు. అనుమతి లేకుండా వాటిని విదేశాలకు పంపడం నేరం. పి.జి.పి. ఇంటర్నెట్ ద్వారా దేశం దాటిపోయిందన్న కారణంతో జిమ్మర్‌మన్ మీద దర్యాప్తు నడిచి, చివరికి 1996 జనవరిలో అభియోగాలు లేకుండా ముగిసింది.

లినక్స్‌ను ప్రపంచమంతా అమెరికాలోని సర్వర్ల నుంచి కూడా దించుకుంటుంది. గుప్తీకరణను ప్రధాన కెర్నెల్‌లో చేరిస్తే ఆ పంపిణీ అంతా చట్టానికి చిక్కుతుంది. అందువల్ల గుప్తలిపి భాగాలను ఇంటర్నేషనల్ కెర్నెల్ ప్యాచ్ అనే పేరుతో అమెరికాకు బయట విడిగా నిర్వహించారు. కావలసినవారు ఆ అతుకును తెచ్చుకుని తమ కెర్నెల్‌కు తామే కలుపుకోవాలి. కెనడా కేంద్రంగా నడిచే ఓపెన్ బి.ఎస్.డి.కి ఈ చిక్కు లేదు కాబట్టి గుప్తీకరణను తన వ్యవస్థలో మొదటినుంచీ ధైర్యంగా కలుపుకోగలిగింది.

ఈ కట్టుబాటును సడలించడానికి రెండు వైపుల నుంచి ఒత్తిడి వచ్చింది. ఒకటి న్యాయస్థానం. డేనియల్ బెర్న్‌స్టీన్ అనే పరిశోధక విద్యార్థి 1995లో ప్రభుత్వంపై దావా వేశాడు. 1999లో అప్పీళ్ల న్యాయస్థాన ధర్మాసనం ఒకటి సోర్స్ కోడ్‌కు భావప్రకటన స్వేచ్ఛ రక్షణ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. రెండోది వ్యాపారం. ఇతర దేశాల్లో బలమైన గుప్తలిపులు దొరుకుతూ ఉంటే అమెరికా కంపెనీలు మాత్రం బలహీనమైనవాటిని అమ్ముకోవలసి వచ్చేది. 2000 జనవరిలో నిబంధనలు బాగా సడలాయి. బహిరంగంగా దొరికే సోర్స్ కోడ్‌కు దారి తెరుచుకుంది. 2002లో లినక్స్ అభివృద్ధి కెర్నెల్‌లో గుప్తలిపులకు ఒక ఉమ్మడి విభాగం చేరింది.

ఇదే కాలంలో గుప్తలిపి కూడా మారింది. 1977 నుంచి ప్రమాణంగా ఉన్న డి.ఇ.ఎస్. తాళంచెవి పొడవు 56 బిట్లు మాత్రమే. 1998లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ సంస్థ రెండున్నర లక్షల డాలర్లకు మించని ఖర్చుతో ఒక యంత్రం తయారుచేసి, సాధ్యమైన తాళంచెవులను వరసగా ప్రయత్నిస్తూ 56 గంటల్లో సరైనదాన్ని పట్టుకుంది. ఆ లిపి నిర్మాణం కూలిపోలేదు. తాళంచెవి పొట్టిదైపోయింది, అంతే. దాని స్థానంలో బహిరంగ పోటీ ద్వారా ఎంపికైన ఏ.ఇ.ఎస్. 2001 నవంబరులో ప్రమాణమైంది. దాన్ని రూపొందించినవారు బెల్జియం శాస్త్రవేత్తలు యోన్ డామెన్, విన్సెంట్ రైమెన్. దాని తాళంచెవి 128, 192 లేదా 256 బిట్లు ఉంటుంది. పాతికేళ్లు కావస్తున్నా దాన్ని ఆచరణలో ఛేదించే దారి ఎవరికీ దొరకలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: స్వాప్ భాగాన్ని గుప్తీకరించకపోతే వచ్చే ప్రమాదం ఏమిటి?

4. క్రిప్టోలూప్: తొందరగా వేసిన తాళం

చట్టం అడ్డు తొలగింది, మంచి గుప్తలిపి చేతికి వచ్చింది. ఇక మిగిలింది దాన్ని డిస్క్‌కు సరిగా అమర్చడమే. మొదటి ప్రయత్నం క్రిప్టోలూప్. లినక్స్‌లో లూప్ అనే పాత ఏర్పాటు ఒకటి ఉంది. ఒక మామూలు ఫైలును డిస్క్‌లా చూపించడం దాని పని. ఆ దారిలో గుప్తీకరణను చొప్పించి క్రిప్టోలూప్ తయారుచేశారు. 2003 డిసెంబరులో విడుదలైన 2.6 కెర్నెల్‌లో అది ఉంది.

దాని లోపాలు త్వరలోనే చర్చకు వచ్చాయి. మొదటిది, జర్నలింగ్ చేసే ఫైల్ సిస్టమ్‌లకు కావలసిన రాత క్రమానికి అది హామీ ఇవ్వలేదు. కరెంటు పోతే ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది. కెర్నెల్‌లోని దాని వివరణలోనే, ఇది సురక్షితం కాదు, మరొకటి వాడండి అనే హెచ్చరిక చేర్చవలసి వచ్చింది. రెండోది, వాడుకరి ఇచ్చిన పాస్‌వర్డ్ నుంచి తాళంచెవిని నేరుగా, ఒకే వేగవంతమైన లెక్కతో తయారుచేసేవారు. అందరికీ లెక్క ఒకటే కాబట్టి, నిఘంటువులోని మాటలన్నిటికీ తాళంచెవులను ముందే తయారుచేసి పెట్టుకున్న దొంగ ఎవరి డిస్క్ మీదనైనా వాటిని ప్రయత్నించవచ్చు. పైగా పాస్‌వర్డ్ మార్చాలంటే డిస్క్ మొత్తాన్ని విప్పి మళ్లీ గుప్తీకరించాలి.

మూడో లోపం మరింత సూక్ష్మమైనది. ఏ.ఇ.ఎస్. ఒకసారికి 16 బైట్ల ముక్కను గుప్తీకరిస్తుంది. 512 బైట్ల సెక్టార్‌లో అలాంటి ముక్కలు 32 ఉంటాయి. ఒకే రకమైన సమాచారం రెండు సెక్టార్లలో ఉంటే రెండూ ఒకేలా కనిపించకూడదు కాబట్టి, ప్రతి సెక్టార్‌లో మొదటి ముక్కను గుప్తీకరించేముందు దానితో ఒక ఆరంభ విలువను కలుపుతారు. క్రిప్టోలూప్ ఆరంభ విలువగా సెక్టార్ వరస సంఖ్యనే వాడింది. వరస సంఖ్య రహస్యం కాదు. పక్కపక్క సెక్టార్ల సంఖ్యల మధ్య తేడా ఎంతో ఎవరైనా చెప్పగలరు. ఒక ఫైలులో ఆ తేడాను సరిగ్గా రద్దుచేసే విధంగా ముక్కలు పేర్చితే, గుప్తీకరించిన తరువాత రెండు సెక్టార్ల మొదటి ముక్కలు ఒకేలా కనిపిస్తాయి. అంటే తాళంచెవి లేకుండానే, ఫలానా ఫైలు ఈ డిస్క్‌లో ఉంది అని బయటివారు చెప్పగలరు. నోటులో కనిపించే నీటిగుర్తు లాంటిది కాబట్టి దీన్ని నీటిగుర్తు దాడి అన్నారు. ఫిన్లాండ్ పరిశోధకుడు మార్కు-యుహానీ సారినెన్ 2004లో లినక్స్ ల్యాప్‌టాప్‌ల విషయంలో దీన్ని వివరించాడు.

ఇందులోని ప్రమాదాన్ని ఊహించండి. ఒక పత్రికా విలేఖరికి ఎవరో రహస్యంగా ఒక పత్రం పంపారనుకుందాం. ఆ పత్రంలో ముందుగానే అలాంటి గుర్తు పెట్టి ఉంటే, విలేఖరి డిస్క్‌ను స్వాధీనం చేసుకున్నవారు అందులోని ఒక్క వాక్యం చదవకుండానే ఆ పత్రం అక్కడ ఉందని తేల్చగలరు. ఏ.ఇ.ఎస్.ను ఎవరూ ఛేదించలేదు, అయినా రహస్యం బయటపడింది.

5. డి.ఎం.-క్రిప్ట్: పునాది మార్పు

2004 మార్చిలో విడుదలైన 2.6.4 కెర్నెల్‌లో క్రిస్టోఫ్ సౌట్ రాసిన డి.ఎం.-క్రిప్ట్ చేరింది. ఇది పాత లూప్‌ను వదిలి, డివైస్ మ్యాపర్ అనే కొత్త పునాది మీద నిలబడింది. డివైస్ మ్యాపర్ పని ఒక పరికరాన్ని మరో పరికరంగా చూపించడం. ఉదాహరణకు రెండు డిస్కులను కలిపి ఒకటిగా చూపించవచ్చు. ఆ మధ్యలో గుప్తీకరణ జరిగితే అదే డి.ఎం.-క్రిప్ట్. ఒక ఫైలుకైనా, ఒక విభాగానికైనా, స్వాప్‌కైనా, డిస్క్ మొత్తానికైనా ఒకే పద్ధతి సరిపోయింది. రాత క్రమంలోని పాత చిక్కులూ తగ్గాయి.

నీటిగుర్తు దాడికి జవాబు ఆస్ట్రియా పరిశోధకుడు క్లెమెన్స్ ఫ్రూవిర్త్ నుంచి వచ్చింది. వరస సంఖ్యను అలాగే వాడకుండా, అసలు తాళంచెవి నుంచి పుట్టించిన మరో తాళంచెవితో ఆ సంఖ్యనే గుప్తీకరించి, వచ్చినదాన్ని ఆరంభ విలువగా వాడాలని అతడు సూచించాడు. అప్పుడు ఆరంభ విలువ బయటివారికి తెలియదు కాబట్టి గుర్తు పెట్టడం కుదరదు. ఇదే ఇ.ఎస్.ఎస్.ఐ.వి. పద్ధతి. తరువాత 2007 చివర ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ డిస్కుల కోసమే ఎక్స్.టి.ఎస్. అనే విధానాన్ని ప్రమాణం చేసింది. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ కూడా దాన్ని ఆమోదించింది. లినక్స్‌లో డిస్కులను అమర్చే క్రిప్ట్‌సెటప్ సాధనం 2013 నుంచి కొత్త డిస్కులకు దాన్నే మామూలు ఎంపికగా వాడుతోంది.

ఇతర ఓపెన్ సోర్స్ వ్యవస్థలు కూడా ఇదే కాలంలో తమ దారులు వెతుక్కున్నాయి. 2003లో వచ్చిన ఫ్రీ బి.ఎస్.డి. 5.0లో పౌల్-హెన్నింగ్ కాంప్ రూపొందించిన జి.బి.డి.ఇ. ఉంది. అది ప్రతి సెక్టార్‌కూ, రాసిన ప్రతిసారీ, కొత్త తాళంచెవి తయారుచేసేది. ఆలోచన గట్టిదే కానీ ప్రతి రాతా రెండు రాతలయింది. వేగం తగ్గింది. రెండింటి మధ్యలో కరెంటు పోతే సమాచారం చెడే అవకాశం ఉందన్న విమర్శ వచ్చింది. 2004లో నెట్ బి.ఎస్.డి. 2.0తో రోలాండ్ డౌడ్స్‌వెల్ సి.జి.డి., 2005లో ఫ్రీ బి.ఎస్.డి. 6.0తో పావెల్ యాకుబ్ దావిదెక్ జెలీ వచ్చాయి. ఇవి సరళమైన దారి పట్టాయి. వీరందరూ ఒకరి కోడ్ మరొకరు చదివి, బహిరంగంగా వాదించుకున్నారు. ఆ వాదనల వల్లనే లోపాలు దాగి ఉండలేకపోయాయి.

6. లక్స్: తాళంచెవికి ఒక పెట్టె

డి.ఎం.-క్రిప్ట్‌కు ఒక పని తెలియదు: తాళంచెవిని ఎలా తయారుచేయాలి, ఎక్కడ ఉంచాలి అన్నది. తాళంచెవి ఇస్తే అది సెక్టార్లను తిప్పుతుంది, అంతే. ఏ గుప్తలిపి వాడారు, ఏ ఎంపికలు పెట్టారు అనేవి వాడుకరి గుర్తుంచుకోవాలి. ఒకటి మరిచిపోయినా డిస్క్ తెరుచుకోదు.

ఈ ఖాళీని పూరించినది కూడా ఫ్రూవిర్తే. 2004లో అతడు ప్రతిపాదించిన ఏర్పాటు పేరు లినక్స్ యూనిఫైడ్ కీ సెటప్. ఆ పేరులోని తొలి అక్షరాలు కలిపి దాన్ని లక్స్ అంటారు. దీనిలోని ప్రధానమైన ఆలోచనలు మూడు.

మొదటిది, రెండు అంచెల తాళం. డిస్క్‌ను గుప్తీకరించే అసలు తాళంచెవిని కంప్యూటరే యాదృచ్ఛికంగా తయారుచేస్తుంది. వాడుకరి దాన్ని ఎప్పుడూ చూడడు. ఆ తాళంచెవిని పాస్‌వర్డ్‌తో గుప్తీకరించి డిస్క్ మొదట్లో ఉన్న శీర్షభాగంలో దాస్తారు. ఇనప్పెట్టె తాళంచెవిని ఒక చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాకు వేరే తాళం వేసినట్టు. లక్స్ మొదటి రూపంలో అలాంటి డబ్బాలు ఎనిమిది ఉన్నాయి. ఒక కార్యాలయంలో ఎనిమిదిమందికి ఎనిమిది పాస్‌వర్డులు ఇవ్వవచ్చు. ఒకరు ఉద్యోగం మానేస్తే వారి డబ్బాను మాత్రం చెరిపివేస్తే చాలు. పాస్‌వర్డ్ మార్చడానికి డిస్క్ మొత్తాన్ని తిరగరాయనక్కరలేదు.

రెండోది, ఊహించే దొంగను అలసిపోయేలా చేయడం. మనుషులు పెట్టే పాస్‌వర్డులు బలహీనంగా ఉంటాయి. కాబట్టి పాస్‌వర్డ్ నుంచి డబ్బా తాళాన్ని తయారుచేసే లెక్కను వేలసార్లు, లక్షలసార్లు తిప్పుతారు. 2000లో ప్రచురితమైన పి.బి.కె.డి.ఎఫ్.2 అనే పద్ధతిని ఇందుకు వాడారు. మీకు తాళం తీయడానికి సుమారు ఒక సెకను పడుతుంది, మీరు దాన్ని గమనించరు. కోటి మాటలు ప్రయత్నించవలసిన దొంగకు అదే సెకను కోటిసార్లు పడుతుంది. దీనికితోడు ప్రతి డిస్క్‌కూ వేరువేరు యాదృచ్ఛిక సంఖ్యను కలుపుతారు కాబట్టి ముందే తయారుచేసుకున్న పట్టికలు పనికిరావు.

మూడోది అన్నిటికన్నా విశేషమైనది: చెరిపివేయగలగడం. ఉద్యోగం మానేసినవారి డబ్బాను చెరిపామని మీరు అనుకుంటారు. కానీ హార్డ్ డిస్క్ ఒక సెక్టార్ పాడవుతోందని గుర్తిస్తే, అందులోని విషయాన్ని చెప్పకుండా మరోచోటికి తరలించి, పాత సెక్టార్‌ను పక్కన పెడుతుంది. ఆ పాత ప్రతిని మామూలు పద్ధతుల్లో చెరపలేరు. 256 బిట్ల తాళంచెవి అంటే 32 బైట్లే. అది సరిగ్గా అలాంటి సెక్టార్‌లో మిగిలిపోతే డబ్బా చెరిపినట్టు కాదు. దీనికి ఫ్రూవిర్త్ వేసిన ఎత్తు ఇది. తాళంచెవిని 4,000 రెట్లు పెంచి, అంటే 32 బైట్లను 1,28,000 బైట్లుగా విస్తరించి దాస్తారు. తిరిగి పొందాలంటే ప్రతి బైటూ సరిగ్గా ఉండాలి. ఒక్క చిన్న ముక్క పోయినా తాళంచెవి పూర్తిగా పోయినట్టే. ఒక సెక్టార్ పక్కన దాగి మిగిలిపోవచ్చు గాని, వరసగా ఉన్న 250 సెక్టార్లూ అలా మిగిలిపోవడం దాదాపు అసంభవం. దాచడం కోసం పుట్టిన శాస్త్రం ఇక్కడ పోగొట్టడాన్ని కూడా నేర్చుకుంది.

2007 ఏప్రిల్‌లో విడుదలైన డెబియన్ 4.0లో వ్యవస్థను ఎక్కించేటప్పుడే డిస్క్‌ను గుప్తీకరించే వీలు వచ్చింది. అప్పటిదాకా నిపుణుల చేతిలో ఉన్న పని ఒక ప్రశ్నకు అవును అని జవాబివ్వడంగా మారింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: లక్స్‌లో పాస్‌వర్డ్ మార్చినప్పుడు డిస్క్ మొత్తాన్ని మళ్లీ గుప్తీకరించనక్కరలేదు. ఎందుకు?

7. తీరని చిక్కులు

2008 ఫిబ్రవరిలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు కొత్త విషయం ఒకటి ప్రకటించారు. కరెంటు తీసేయగానే మెమరీ చిప్‌లలోని సమాచారం మాయమవుతుందని అందరూ అనుకునేవారు. నిజానికి అది కొన్ని సెకన్లపాటు నిలుస్తుంది. చిప్‌ను సున్నాకు దిగువ సుమారు 50 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే, 10 నిమిషాల తరువాత కూడా చెడిపోయిన బిట్లు ఒక శాతం కన్నా తక్కువే. నడుస్తున్న లేదా నిద్రావస్థలో ఉన్న ల్యాప్‌టాప్ దొరికితే, దాని మెమరీ నుంచి తాళంచెవిని ఏరుకోవచ్చు. విండోస్‌లోని బిట్‌లాకర్, ఆపిల్ ఫైల్‌వాల్ట్, ట్రూక్రిప్ట్, లినక్స్ డి.ఎం.-క్రిప్ట్ అన్నీ ఈ దాడికి లొంగాయి. కాబట్టి ప్రయాణాల్లో ల్యాప్‌టాప్ మూత వేయడం చాలదు, పూర్తిగా ఆపివేయాలి.

మరో చిక్కు గ్రాఫిక్స్ చిప్‌లతో వచ్చింది. పి.బి.కె.డి.ఎఫ్.2కు మెమరీ పెద్దగా అక్కరలేదు. అందువల్ల వేల లెక్కలను ఒకేసారి చేసే చిప్‌లు దొంగ పనిని తేలిక చేశాయి. 2015లో పాస్‌వర్డ్ పద్ధతుల బహిరంగ పోటీలో గెలిచిన ఆర్గాన్2 ప్రతి ప్రయత్నానికీ పెద్ద మోతాదులో మెమరీ కావాలంటుంది. 2017 డిసెంబరులో మిలన్ బ్రోజ్ నిర్వహణలో వచ్చిన క్రిప్ట్‌సెటప్ 2.0తో పాటు లక్స్2 వచ్చింది. అందులో ఆర్గాన్2కు చోటు దొరికింది. శీర్షభాగం వివరాలకు రెండు ప్రతులు ఉంచే ఏర్పాటు కూడా చేశారు.

పరికరం స్థాయి పద్ధతి అన్నిచోట్లా సరిపోదని ఫోన్లు చూపించాయి. లినక్స్ కెర్నెల్ మీద నడిచే ఆండ్రాయిడ్ 2011లో 3.0 రూపంలో డి.ఎం.-క్రిప్ట్‌నే తీసుకుంది. కానీ రాత్రివేళ ఫోన్ దానంతట అది రీస్టార్ట్ అయితే, యజమాని పాస్‌వర్డ్ కొట్టేదాకా అలారం మోగదు, కాల్ రాదు. మొత్తం తాళం కిందే ఉంది కదా! 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7.0 ఫైళ్లను విడివిడిగా గుప్తీకరించే దారి తెరిచింది. 1993 నాటి ప్రశ్న, తాళం ఏ అంతస్తులో వేయాలన్నది, ఇరవై ఏళ్లు దాటాక మళ్లీ ముందుకు వచ్చింది.

8. మిగిలేది మనిషే

తాళం గట్టిపడేకొద్దీ అందరి దృష్టీ తాళంచెవి ఉన్న మనిషి మీదికి మళ్లుతుంది. మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం, 2000ను 2008లో సవరించారు. దాని 69వ సెక్షన్ ప్రకారం, దేశ భద్రత, నేర పరిశోధన వంటి నిర్దిష్ట కారణాలతో ప్రభుత్వం అధికారం ఇచ్చిన సంస్థ కోరితే, గుప్తీకరించిన సమాచారాన్ని విప్పడానికి సహకరించాలి. నిరాకరిస్తే ఏడేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా పడవచ్చు. మరోవైపు రాజ్యాంగం 20వ అధికరణం, నిందితుడిని తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదంటుంది. పాస్‌వర్డ్ చెప్పడం సాక్ష్యమా, ఇనప్పెట్టె తాళం అప్పగించడం వంటిదా? ఈ ప్రశ్నను మీ అధ్యయన కేంద్రంలో చర్చించండి.

ఇంకో బరువు కూడా మనిషి మీదే పడుతుంది. లక్స్‌లో దొంగదారి లేదు. పాస్‌వర్డ్ మరిచిపోతే దాన్ని తిరిగి ఇచ్చే కార్యాలయం లేదు. పొరపాటున శీర్షభాగం చెరిగిపోతే, పాస్‌వర్డ్ గుర్తున్నా డిస్క్ తెరుచుకోదు. తల్లిదండ్రుల ఫొటోలు, ఏళ్ల తరబడి రాసుకున్న సిద్ధాంత గ్రంథం అందులో ఉన్నా సరే. పోగొట్టడాన్ని అంత పకడ్బందీగా నేర్చిన ఏర్పాటుకు యజమాని, దొంగ అన్న తేడా తెలియదు. అందువల్ల ఈ పద్ధతి వాడదలచినవారు శీర్షభాగానికి ఒక ప్రతిని, ముఖ్యమైన ఫైళ్లకు మరో ప్రతిని వేరేచోట ఉంచుకోవాలి. పాత పాస్‌వర్డును రద్దుచేసినప్పుడు శీర్షభాగం పాత ప్రతిని కూడా నాశనం చేయాలి. లేకపోతే రద్దయిన పాస్‌వర్డుకు ఆ ప్రతి మళ్లీ తలుపు తెరుస్తుంది.

9. సారాంశం

లినక్స్‌లో డిస్క్ గుప్తీకరణ మొదట చట్టం వల్ల ప్రధాన కెర్నెల్‌కు బయట పెరిగింది. 2000 తరువాత లోపలికి వచ్చింది. క్రిప్టోలూప్ లోపాలు డి.ఎం.-క్రిప్ట్‌కు, దానిలోని ఖాళీ లక్స్‌కు, కొత్త యంత్రాల వేగం లక్స్2కు దారితీశాయి. సోర్స్ కోడ్ అందరికీ కనిపించినంత మాత్రాన లోపాలు రాకుండా పోలేదు. క్రిప్టోలూప్ కూడా బహిరంగంగానే కెర్నెల్‌లో చేరింది. అయితే కనిపించినందువల్ల వాటిని ఎత్తిచూపేవారు పుట్టారు, ఎత్తిచూపినవారిలో కొందరు మెరుగైనదాన్ని తయారుచేశారు. ఈ కాలమంతటా ఏ.ఇ.ఎస్. నిలబడే ఉంది. మారుతూ వచ్చింది తాళంచెవిని కాపాడే తీరు. మీ ల్యాప్‌టాప్‌లో ఈ ఏర్పాటును వాడుకున్నా వాడుకోకపోయినా, మీ దగ్గర ఉన్నది ఇతరుల సమాచారమైతే, ఉదాహరణకు విద్యార్థుల మార్కులో రోగుల వివరాలో అయితే, దానికి తాళం ఉందా, తాళంచెవి ఎక్కడుంది అని అడగవలసిన బాధ్యత మీదే.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

క్రింది ప్రశ్నలకు సుమారు 30 వాక్యాలలో జవాబులు రాయండి.
1. పరికరం స్థాయి గుప్తీకరణ ప్రయోజనాలను, పరిమితులను వివరించండి.
2. క్రిప్టోలూప్ నుంచి లక్స్2 వరకు జరిగిన పరిణామాన్ని చర్చించండి.

క్రింది ప్రశ్నలకు సుమారు 10 వాక్యాలలో జవాబులు రాయండి.
1. నీటిగుర్తు దాడి అంటే ఏమిటి? దానికి కనుగొన్న పరిష్కారం ఏది?
2. అమెరికా ఎగుమతి నిబంధనలు లినక్స్‌లో గుప్తీకరణ ప్రవేశాన్ని ఎలా ఆలస్యం చేశాయి?
3. లక్స్‌లో తాళంచెవిని 4,000 రెట్లు విస్తరించి దాచడంలోని ఉద్దేశం ఏమిటి?